గోడ చూడుడు

ఈ సంగతి ఇంతకుముందే రాయకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, యాభై రెండేళ్లు నిండేదాకా నాకు అక్షరం ముక్క రాదు. రెండోది, అక్షరాలు వచ్చాక నేను చేసిన మొదటి ఘనకార్యం ఇదే కాబట్టి, దీన్ని రాయడానికి మా వీధి పైడమ్మ ఒప్పుకోలేదు. అక్కని మా వైపు అప్ప అంటాం, నన్ను అలాగే పిలుస్తుంది.

"అప్పా, నా కేంటీను పని గట్టిపడేదాకా ఈ మాట ఎక్కడా రాయకు. సాల్ట్ లేక్ బాబులు సదివినారంటే మరి నా ఇడ్లీ ముట్టరు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

మూడేళ్లు గడిచాయి. మొన్న తనే వచ్చి, "ఇంక రాసుకో. నీ కడుపుబ్బు సూడలేకపోతన్నాను" అంది. కాబట్టి రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఒక పెద్ద ప్రమాదం జరుగుతుంది. ఒక ఏనుగు, ఆరు కిలోల మినప్పప్పు, తెల్లగా సున్నం కొట్టిన గోడ, నా తెలివితేటలు, ఈ నాలుగూ కలిసి పైడమ్మ బతుకుతెరువును గంగలో కలపబోయాయి. అందులో మొదటి మూడూ ఏ పాపం ఎరగనివి.

యాభై రెండేళ్లు అక్షరాలు ఎందుకు రాలేదంటారా? మా నాన్న ఇక్కడ బెంగాల్లో, సంత్రాగాఛి రైలు యార్డులో పట్టాల మీద పనిచేసేవాడు. ఆరుగురు పిల్లల్లో నేను పెద్దదాన్ని. బడి గంట కొట్టే వేళకే నేను నాన్నకి అన్నం కేరేజీ పట్టుకుని పట్టాల పక్కన నడుస్తూ ఉండాలి. పైగా ఇక్కడి బళ్లలో బెంగాలీ, హిందీ చెబుతారు. తెలుగు అక్షరాలు నాకు కనిపించింది మా ఊరి నుంచి వచ్చే క్యాలెండరు మీదే. వాటిని నేను ముగ్గులనే అనుకునేదాన్ని.

తర్వాత ఎప్పుడో, మా వీధి ముందున్న రైలు క్వార్టర్లలోకి లావణ్య అనే కరీంనగర్ పిల్ల వచ్చింది. భర్తకి రైల్వేలో ఇంజనీరు ఉద్యోగం. తనకి గంగ అవతలున్న సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఆఫీసు. ఆదివారాలు నా చేతి పులిహోర తిని, ఆ రుణం ఉంచుకోకుండా నాకు అక్షరాలు నేర్పింది. పది నెలల్లో నేను కూడబలుక్కోకుండా చదివేశాను, తడుముకోకుండా రాసేశాను. ఆ తర్వాత నాకు వచ్చిన పొగరు సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పాలవాడి బండి మీద రాసింది చదివేదాన్ని. మందుసీసా మీద రాసింది చదివేదాన్ని. చదవడానికి ఏమీ లేకపోతే నా పేరు నేనే రాసుకుని, ఎవరో పంపించినట్టు ఆశ్చర్యంగా చదువుకునేదాన్ని.

ఇప్పుడు ఏనుగు దగ్గరికి వద్దాం. అది మా తెలుగు సంఘం హాల్లో ఉన్న పెద్ద గ్రైండరు. మూసేసిన ఒక హోటలు వాళ్ల దగ్గర కొన్న పాతది. స్టీలు డ్రమ్ము, లోపల మూడు రాళ్లు, డ్రమ్ము అంచుకి అంటుకున్న పిండిని మళ్లీ రాళ్ల కిందికి తోసే గరిటెలాంటి రేకు. బాగున్న రోజున వీధి వీధికి సరిపడా పిండి రుబ్బుతుంది. బాగులేని రోజున గుర్రుమంటూ కూర్చుంటుంది, అంగుళం కదలదు. అప్పుడు మిస్త్రీ నిమాయి దా రావాలి, దా అంటే ఇక్కడ అన్న. వచ్చి, విప్పి, బాగుచేసి, ఎందుకు చెడిందో ఎలా బాగుపడిందో అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు. మేమందరం తలలు ఊపేవాళ్లం. ఆయన వీధి మలుపు తిరిగేలోగా అంతా మర్చిపోయేవాళ్లం.

ఇది చూసి లావణ్య ఒక సలహా ఇచ్చింది. "పెద్దమ్మా, మా ఆఫీసుల గూడ మిషన్లు గిట్లనే మొరాయిస్తయి. మేం ఏం చేస్తమంటే, ఎవరు ఏం అడిగిండ్రు, ఎవరు ఏం జెప్పిండ్రు, చివరికి ఎట్ల బాగైంది, అంత రాసి దాచిపెడతం. రెండేండ్ల తర్వాత ఇంకొకరు వచ్చినా, అది చదివి బాగుచేసుకోవాలె. మీరు గూడ ఒక పుస్తకం పెట్టుండ్రి. నువ్వే రాయి."

సంఘంలో తెలుగు రాయగలిగిన ఆడవాళ్లు ఆ రోజుల్లో ఎందరో చెప్పుకోవడం బాగుండదు. ఉన్న పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ రాయమంటే నీళ్లు నములుతారు. కాబట్టి ఏనుగు పుస్తకం నా చేతికి వచ్చింది. ఎర్ర అట్ట, రెండు వందల పేజీలు. దాన్ని చంకలో పెట్టుకుని హాల్లోంచి ఇంటికి నడిచొస్తుంటే, నాకే నేను జిల్లా కలెక్టరులా అనిపించాను.

ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. ఆయన పేరు అప్పలస్వామి. రైల్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్లకు పైగా ఈ బల్ల మీది ఫైలు ఆ బల్ల మీదికి మోసిన మనిషి.

"ఏటండీ, పెద్ద ఆఫీసర్లు ఎలాగ రాత్తారు?"

"పెద్దోళ్లు ఎక్కువ రాయరే. 'వివరములకు ఫలానా ఫైలు చూడుడు' అని ఒక్క ముక్క రాసి, సంతకం పడేత్తారు."

"ఆ ఫలానా ఫైల్లో ఏటుంటాది?"

"ఇంకో ఫైలు చూడుడు అనుంటాది."

"మరి చివరాకరికి?"

"చివరాకరికి నాను రిటైరైపోనాను."

ఆయన దాన్ని ఎగతాళిగా చెప్పాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు అది పట్టాభిషేకం లాంటి మాట. ఎక్కువ రాసేవాళ్లు గుమాస్తాలు, తక్కువ రాసేవాళ్లు ఆఫీసర్లు. నేను ఎవరిలా రాయాలో వేరే చెప్పాలా?

మొదటిసారి ఏనుగు గుర్రుమన్నప్పుడు నిమాయి దా వచ్చి, కెపాసిటర్ పోయిందన్నాడు. అది వేలెడు పొడవు డబ్బీ. మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చేది అదే. కొత్తది వేసి, దాని తీగ ఎక్కడ కలపాలో బొగ్గుముక్కతో గోడ మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. బోల్టులు, తీగలు, బాణాలు, అన్నీ గీశాడు. ఇంకో కొత్త కెపాసిటరు కూడా ఇచ్చి, ఎక్కడ పెట్టామో అదీ గోడ మీదే రాయించాడు. నేను పుస్తకం తెరిచి గుండ్రంగా రాశాను:

"ఏనుగు గుర్రుమనును, తిరగదు. కెపాసిటర్ మార్చవలెను. వివరములకు గోడ చూడుడు."

కింద సంతకం. ఎంత బాగుందంటే, ఇంకో సంతకం కూడా పెట్టాను.

రెండోసారి అదే జబ్బు వస్తే, నిమాయి దా బాగుచేస్తూ తన ఫోనులో వీడియో తీసుకున్నాడు. నేను రాశాను: "పై విషయమై మరల చర్చ జరిగినది. వివరములకు నిమాయి దా ఫోను చూడుడు."

మూడోసారి, చేతిలో పుస్తకం లేదు. ఎదురుగా వేలాడుతున్న క్యాలెండరు వెనక, మాటలు మర్చిపోకుండా నాలుగు వరుసలు రాసుకున్నాను. ఇంటికొచ్చి పుస్తకంలోకి ఎక్కించాను. ఆ నాలుగు వరుసలే ఎక్కించానని మీరు అనుకుంటే, నా గురించి మీకు ఇంకా తెలియలేదు. "చివరి మాట. వివరములకు క్యాలెండరు వెనుక చూడుడు" అని ఎక్కించాను.

అసలు చిత్రం ఇంకోటుంది. అక్షరాలు రాని యాభై రెండేళ్లూ నా బుర్రలో వీధిలో ఉన్న ప్రతి పిల్ల పుట్టినరోజూ, ప్రతి ఇంటి చుట్టరికమూ ఉండేవి. రాయడం వచ్చాక, రాసేశాం కదా అని బుర్ర తలుపులు మూసేశాను. పుస్తకం చూస్తే అదేమో గోడకి అప్పజెప్పింది.

ఇక ప్రమాదం.

పైడమ్మ స్టేషను బయట బండి మీద ఇడ్లీలు అమ్మేది. కొత్త రోడ్డు పనులొచ్చి ఆ జాగా పోయింది. నెలన్నరగా బండి హాలు వెనక పడి ఉంది. మనిషి బక్కచిక్కిపోయింది. అప్పుడు లావణ్య తన ఆఫీసు కేంటీనులో మాట్లాడి ఒక అవకాశం ఇప్పించింది. ఒక శుక్రవారం పొద్దున రెండు వందల మందికి ఇడ్లీ, గారె. బాగుంటే ప్రతి శుక్రవారం పైడమ్మదే. బాగోకపోతే, వాళ్లు మాట్లాడి పెట్టుకున్న ఇంకో ఆయన ఉన్నాడు. రెండో అవకాశం ఉండదు.

పుష్యమాసం. సంత్రాగాఛిలో చలి ఎముకల్లో దూరే కాలం. గురువారం మధ్యాహ్నం రెండింటికల్లా మినప్పప్పు రుబ్బి రవ్వ కలిపితేనే, తెల్లారేసరికి పిండి పొంగుతుంది. ఆలస్యమైతే ఇడ్లీలు కాదు, పట్టాల కింద వేసే కంకర తయారవుతుంది. పన్నెండు కిలోల పప్పు నానబెట్టాం. ఆరు కిలోలు ఇడ్లీలకి, ఆరు కిలోలు గారెలకి.

పదకొండింటికి పైడమ్మ దండం పెట్టుకుని స్విచ్చి వేసింది.

ఏనుగు గుర్రుమంది. కదల్లేదు.

పైడమ్మ మొహం పాలిపోయింది. "అప్పా! ఇదేటి, ఇయ్యాలే..."

"కంగారు పడకు" అన్నాను. ఎంత హుందాగా అన్నానో మీరు చూసి ఉండాల్సింది. "పుస్తకం ఎందుకున్నట్టు? అన్నీ రాసే ఉంచాను."

లావణ్యకి ఆ రోజు ఇంటి నుంచే పని. గోల విని తనూ వచ్చింది. పప్పు మోయడానికి వచ్చిన మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. నేను ఎర్ర అట్ట తెరిచి, గొంతు సవరించుకుని, అందరికీ వినిపించేలా చదివాను. "ఏనుగు గుర్రుమనును, తిరగదు. కెపాసిటర్ మార్చవలెను. వివరములకు గోడ చూడుడు."

నలుగురం గోడ వైపు తిరిగాం.

గోడ తెల్లగా ఉంది. పాలకోవాలా ఉంది. దుర్గా పూజకి ముందు హాలంతా సున్నం కొట్టించారు. దగ్గరుండి కొట్టించింది ఎవరని అడక్కండి. "దాదా, ఇక్కడ ఏవో బొగ్గు గీతలు కనబడతన్నాయి, ఇంకో పూత ఎయ్యి" అని టీ ఇచ్చి మరీ వేయించింది ఎవరని అసలే అడక్కండి.

"ఏటే, ఇదేనా నీ వివరం?" అన్నాడు మా ఆయన, గోడని వేలితో గీకుతూ.

"అది పాత వివరం లెండి. కొత్తది ఉంది" అని పేజీ తిప్పాను. "వివరములకు నిమాయి దా ఫోను చూడుడు."

నిమాయి దా బర్దమాన్‌లో కూతురి దగ్గరికి వెళ్లాడు, రేపటిదాకా రాడు. ఫోను చేశాం. ఆయన బెంగాలీలోనే మాట్లాడతాడు, మీ కోసం నేను తెలుగులో రాస్తున్నాను.

"నిమాయి దా, ఏనుగు వీడియో ఉంది కదా, ఆ వీడియో పంపించు."

"ఆరే దీదీ, ఆ ఫోను ఎక్కడిది? లాంచీ ఎక్కుతుంటే జేబులోంచి జారి గంగలో పడింది. ఇప్పుడది ఇలిశ చేపలు చూస్తున్నాయి."

"పోనీ, నోటితో చెప్పు. తీగ ఏ బోల్టుకి పెట్టాలి?"

"రోజుకి పది మోటార్లు విప్పుతాను దీదీ. మీది పాత మోటారు, మూడుసార్లు తీగ చుట్టింది. దాని లెక్క వేరు. చూడకుండా ఎలా చెప్పను?" నాకు ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు. "అయినా నీకేం భయం? పూట పూటంతా చెప్పాను, నువ్వు ఎర్ర పుస్తకంలో రాసుకున్నావు కదా. పుస్తకం చూడు!"

ఫోను స్పీకరులో ఉంది. అందరూ విన్నారు. లావణ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నవ్వకే తల్లీ" అన్నాను.

"నవ్వుతలేను పెద్దమ్మా. మా ఆఫీసుల గూడ గింతే. పాత ముచ్చట తీస్తే, జవాబు ఉండాల్సిన కాడ ఒక లింకు ఉంటది. నొక్కితే 'ఈ పేజీ లేదు' అని వస్తది. రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మారి ఉంటడు. నీ గోడ నయం, కనీసం చల్లగ ఉన్నది."

బజారులో ఇంకో మిస్త్రీ ఉన్నాడు. సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు. ఆరింటికి రుబ్బిన పిండి ఆ చలిలో మర్నాడు మధ్యాహ్నానికి గానీ లేవదు.

"మిక్సీలు తెద్దామా?" అంది లావణ్య.

"పన్నెండు కిలోలు మిక్సీల్లోనా? అవి కాలిపోతాయి. ఆ పిండితో ఇడ్లీ ఏస్తే కేంటీను బాబు నా ముకాన కొడతాడు" అంది పైడమ్మ. అప్పటికే ఆమె పప్పు గంగాళం పక్కన చతికిలబడింది.

నేను మాత్రం చెక్కుచెదరలేదు. "చివరి మాట ఇంకా ఉంది" అని మూడో పేజీ చదివాను. "వివరములకు క్యాలెండరు వెనుక చూడుడు."

క్యాలెండరు ఉండాల్సిన మేకుకి కొత్త సంవత్సరం క్యాలెండరు వేలాడుతోంది. దాని వెనక తళతళలాడే తెలుపు.

"పాతదేదీ?" అన్నాను.

పైడమ్మ చిన్నగా అంది. "గట్టి కాయితం గదాని, నానే అట్టుకెళ్లి అలమార్లో ఆవకాయ జాడీల కింద పరిసినాను."

అందరం పైడమ్మ ఇంటికి పరిగెత్తాం. జాడీలు దించాం. పన్నెండు నెలలూ ఒకదానికొకటి అంటుకుని, నూనె పీల్చుకుని, ఎర్రగా ఘాటుగా ఉన్నాయి. నా రాత ఉన్న కాగితం చెక్కకి అతుక్కుపోయింది. లావణ్య అట్లకాడతో మెల్లగా లేపింది. సగం కాగితం వచ్చింది, సగం అలమారకే ఉండిపోయింది. వచ్చిన సగంలో, ఆవపిండి మరకల మధ్య, నా గుండ్రని అక్షరాలు:

"కొత్త కెపాసిటర్ అగరొత్తుల డబ్బాలో. దాని తీగ మొదటి బోల్టుకు. లేకపోతే ఏనుగు"

అక్కడ చిరిగిపోయింది.

"లేకపోతే ఏనుగు ఏటవుతాది?" అన్నాడు మా ఆయన.

"అది అలమార్లో ఉండిపోనాది" అంది పైడమ్మ.

"అవన్నీ అనవసరం" అన్నాను నేను, విజయగర్వంతో. "మొదటి బోల్టు అని ఉంది కదా! సాలదేటి? లేకపోతే ఏటవుతాదో, లేకపోయినప్పుడు సూసుకుందాం."

ప్లగ్గు పీకి, అగరొత్తుల డబ్బాలో కొత్త కెపాసిటరు తీసి, మా ఆయన మోటారు మూత విప్పాడు. మూడు బోల్టులు వరుసగా ఉన్నాయి. మొదటి బోల్టుకి తీగ బిగించాడు. పాఠకులారా, వరుసలో మొదటిది అంటే ఎటునుంచి మొదటిది? ఈ ప్రశ్న మీకు ఇప్పుడు తట్టింది కదా. మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. నిమాయి దా ఎప్పుడూ మోటారు వెనక కూర్చుని పనిచేస్తాడు. మా ఆయన ముందు కూర్చున్నాడు.

ఆరు కిలోల పప్పు డ్రమ్ములో పోసి, స్విచ్చి వేశాం. ఏనుగు కదిలింది. గిర్రున తిరిగింది! పైడమ్మ నన్ను కావలించుకుంది. లావణ్య చప్పట్లు కొట్టింది. నేను పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని, "సదువు అంటే ఏటనుకున్నారు మరి?" అన్నాను.

పావుగంట వరకూ ఏ లోటూ లేదు. పప్పు నలిగింది. నురగ కట్టింది. దూదిలా పొంగి డ్రమ్ములో పైకి లేచింది. అప్పుడు మా ఆయన తల ఒక పక్కకి వంచి, "ఒసే, ఇది ఎప్పుడూ ఇటే తిరుగుతాదా?" అన్నాడు.

ఆ మాట పూర్తయిందో లేదో, మొదటి ముద్ద ఎగిరొచ్చి ఆయన చెవి మీద పడింది.

ఏనుగు తిరగబడి తిరుగుతోంది. పిండిని రాళ్ల కిందికి తోయాల్సిన రేకు, ఎదురు దిక్కున పడి, పిండిని చేటతో చెరిగినట్టు బయటికి చెరుగుతోంది. గుప్పెడు గుప్పెడు కాదు, బకెట్లతో కుమ్మరించినట్టు. ఒక ముద్ద కిటికీకి. ఒకటి ఫ్యానుకి. లావణ్య కళ్లద్దాలకి రెండు, కంటికొకటి. స్విచ్చి ఆపుదామని నేను పరిగెత్తాను. మినప్పిండి మీద ఎప్పుడైనా పరిగెత్తారా? నేను పరిగెత్తలేదు, ప్రయాణం చేశాను. కూర్చున్న భంగిమలో, పుస్తకంతో సహా, హాలు ఈ చివర నుంచి ఆ చివరకి జారి, కొత్త సున్నం గోడకి ఆనుకుని ఆగాను.

"స్విచ్చి! స్విచ్చి!" అని అరుస్తోంది లావణ్య, గుడ్డిదానిలా చేతులు చాపి.

"ఏ పక్కనుందే?" అని మా ఆయన.

"మీ ఎనకాల!" అన్నాను నేల మీద నుంచి.

"నాను ఎటు తిరిగున్నానో నాకు తెలవడం నేదే!"

చివరికి పైడమ్మే ప్లగ్గు పీకింది. ఫ్యాను మీది ముద్ద ఒకటి నింపాదిగా జారి కింద పడింది. డ్రమ్ములో గుప్పెడు పిండి మిగిలింది.

నేను నవ్వబోయాను. పైడమ్మ మొహం చూసి ఆగిపోయాను.

ఆమె అరవలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. గోడకి చేరగిలబడి మెల్లగా అంది. "నాకు సదువు రాదు గదప్పా. నువ్వు రాసినావు గదాని ధైర్నంగా ఉన్నాను."

ఆ ఒక్క మాటకి నా కలెక్టరు ఉద్యోగం ఊడిపోయింది.

మా ఆయన చెవి తుడుచుకుంటూ అన్నాడు. "తిరగబడి తిరిగినాదంటే, అటు మొదలున్న తీగ ఇటు మొదలుకి ఎడితే సరిగ్గా తిరగాల గదా?"

ముప్ఫై ఏళ్లు ఫైళ్లు మోసిన మనిషి నోట అంత పనికొచ్చే మాట నేను అదే మొదటిసారి వినడం. తీగ మార్చాడు. ఖాళీ డ్రమ్ముతో తిప్పి చూశాం. ఏనుగు బుద్ధిగా తన దిక్కున తిరిగింది. గారెల కోసం నానబెట్టిన ఆరు కిలోలు డ్రమ్ములో పోశాం. రెండుంపావుకి ఇడ్లీ పిండి కలిసింది. దుప్పట్లు చుట్టి, గంగాళాల్ని పసిబిడ్డల్లా పొయ్యి పక్కన పెట్టాం.

"ఇడ్లీ సరే. గారె ఏదని అడిగితే?" అంది లావణ్య.

పైడమ్మ కొంగు బిగించింది. "మల్లీ పప్పు కొని నానేయడానికి నా కాడ డబ్బుల్లేవు. బియ్యం రవ్వ ఉంది, పెసరపప్పు ఉంది. ఉప్పుడుపిండి సేత్తాను. మా యమ్మ సేతి ఉప్పుడుపిండి తిన్నోడు గారె ఊసెత్తడు."

మర్నాడు పొద్దున్నే పైడమ్మా లావణ్యా గంగాళాలతో వ్యానెక్కి సాల్ట్ లేక్ వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. నేను వెళ్లలేదు. హాలు కడిగాను. ఏనుగు పక్కన పీట వేసుకుని, పుస్తకం తెరిచి, ఒక్కో బోల్టూ కళ్లతో చూస్తూ, వేలితో ముట్టుకుంటూ రాయడం మొదలుపెట్టాను. ముందు ప్లగ్గు పీకవలెను. మోటారు వెనక, కిటికీకి వీపు పెట్టి కూర్చోవలెను. ఎడమచేతి వైపు నుంచి లెక్కపెట్టవలెను. తీగ తప్పు బోల్టుకి పెడితే ఏనుగు తిరగబడి తిరిగి పిండి అందరి మీదా కొట్టును. పప్పు పోయకముందే ఖాళీ డ్రమ్ము తిప్పి, అది బల్ల నుంచి తలుపు వైపుకి తిరుగుతున్నదో లేదో చూసుకోవలెను. ఆరు పేజీలు అయింది. బొమ్మ కూడా వేశాను. బొమ్మలో మోటారు పనసకాయలా వచ్చింది గానీ, బోల్టులు మాత్రం మూడే ఉన్నాయి.

తర్వాత మా ఆయన్ని పిలిచాను. తీగలన్నీ ఊడదీసి, పుస్తకం ఆయన చేతికిచ్చాను. "నాను బయట కూకుంటాను. మీరు పుస్తకం సదివి బిగించండి. నన్నేటీ అడగొద్దు."

"నువ్వు మాటాడకుండా కూకుంటావా?" అన్నాడు, ఏనుగు ఎగురుతుందంటే నమ్మనట్టు.

మెట్ల మీద కూర్చున్నాను. నా జన్మలో చేసిన కష్టమైన పని అదే. లోపలి నుంచి "మూత ఇప్పడానికి ఏ పానా?" అని వినబడింది. పళ్ల మధ్య కొంగు పెట్టుకున్నాను. ఆయన బయటికొచ్చి అడగబోయి, నా మొహం చూసి వెనక్కి వెళ్లాడు. నేను పెన్సిలు తీసి, లోపలికి వెళ్లి, "పది నంబరు పానా, తలుపు వెనక మేకుకి ఉన్నది, మేకుకి లేకపోతే ఇనప సామాన్ల కొట్లో దొరుకును" అని చేర్చి, మళ్లీ మెట్ల మీదికి వచ్చాను. అలా ఇంకో రెండుసార్లు. పదకొండింటికి లోపల స్విచ్చి టక్కుమంది. ఏనుగు తిరిగింది. సరైన దిక్కున.

అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. పైడమ్మ ఖాళీ గంగాళం నెత్తిన పెట్టుకుని దిగింది. లావణ్య వెనక నుంచి అరిచింది. "పెద్దమ్మా! ఇడ్లీలు ఖతం! ఉప్పుడుపిండి కోసం బెంగాలోళ్లు మళ్లీ మళ్లీ లైన్ల నిలబడ్డరు!"

"పెతి సుక్కురవారం నాదే అప్పా" అంది పైడమ్మ. కళ్లు తుడుచుకుంది. తర్వాత లోపలి చప్పుడు విని తల తిప్పింది. "ఏనుగుని ఎవలు తిప్పతన్నారు? నువ్వు ఇక్కడున్నావు గదా?"

"నానే" అన్నాడు మా ఆయన గుమ్మంలోకి వచ్చి, ఛాతీ విరుచుకుని. "పుస్తకం సూసి."

నేను నోరు తెరవకుండా, నేను గదిలో లేకుండా, నా మాట ఒకరి చేత పని చేయించడం అదే మొదలు. చదువు వచ్చిన రోజు కన్నా ఆ రోజే నాకు ఎక్కువ గర్వంగా అనిపించింది. అయినా గర్వపడే హక్కు ఇంకా తిరిగి రాలేదు కాబట్టి, అక్కడికక్కడే పుస్తకం మొదటి పేజీలో, అందరి ఎదుటా, ఈ ప్రమాణం రాసి గట్టిగా చదివాను:

"సంత్రాగాఛి రైలు క్వార్టర్ల వెనక వీధిలో, చివరి వరుసలో, ఆకుపచ్చ తలుపున్న ఇంట్లో ఉండు నేను, ఇకమీదట ఏ గోడనూ, ఏ ఫోనునూ, ఏ క్యాలెండరునూ చూడమని ఎవరికీ చెప్పను. చూడవలసినదంతా నేనే చూసి, చూసినదంతా ఇక్కడే రాయుదును. చేయి నొప్పి పుట్టినా సరే, పేజీలు చాలకపోయినా సరే. దీనికి సాక్షి నా భర్త అప్పలస్వామి, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, చామనచాయ, మనిషి పొట్టి, బట్టతల. ఇంకా ఆనవాలు కావలసినచో, ఎడమ చెవిలో మినప్పిండి, సుమారు అర చెంచా."